చూడి ఆవును పాలు పితకడం ఎందుకు ఆపేస్తారు?

ఆవు చూడి కాలం దాదాపు 280 రోజులు. ఈనడానికి సుమారు 60 రోజుల ముందే పితకడం ఆపేయాలి. పూటకు లీటరో అరలీటరో ఇంకా ఇస్తున్నా సరే!

ఎందుకంటే కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఆ చివరి రెండు నెలల్లోనే. పొదుగులో అలసిన పాలకణాల స్థానంలో కొత్తవి పుట్టేదీ, జున్నుపాలు సిద్ధమయ్యేదీ అప్పుడే. ఈ విరామం లేకపోతే వచ్చే ఈతలో పాలు బాగా తగ్గుతాయి.

ఎలా ఆపాలి? ముందు దాణా తగ్గించి, ఎండుగడ్డి ఎక్కువగా వేస్తారు. నీళ్లు మాత్రం తగ్గించకూడదు. మన ఎండల్లో అది క్రూరత్వమే. పితకడం మానేశాక పొదుగు బిగుస్తుంది. జాలిపడి మళ్లీ పితికితే పాలు మళ్లీ ఊరతాయి. పితకకుండా వదిలేస్తే, పొదుగులో పేరుకున్న పాల ఒత్తిడికి కణాలు తయారీ ఆపేస్తాయి, ఉన్న పాలు మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతాయి. చనుమొన రంధ్రంలో మైనంలాంటి బిరడా ఏర్పడి సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. అది ఏర్పడేదాకా కొట్టం పొడిగా, శుభ్రంగా ఉండాలి. పొదుగు ఎర్రబడి వేడిగా, గట్టిగా ఉంటే పొదుగువాపేమో! వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

పాలు ఇంకిపోయాక, ఈత దగ్గరపడే కొద్దీ దాణా మళ్లీ కొంచెం కొంచెంగా పెంచుతారు.