మూడు వేల మధ్యవేళ్లు, ఒక మెట్ల గోపురం

పైథాన్‌లో ర్యాండమ్ మాడ్యూల్‌ని పిలిచి, గాస్ అని రాసి, బ్రాకెట్లలో సున్నా, ఒకటి పెడితే ఒక సంఖ్య వస్తుంది. లక్షసార్లు అడిగితే లక్ష వస్తాయి. ఎక్కువ భాగం సున్నా చుట్టూనే తచ్చాడతాయి. అటు 3, ఇటు మైనస్ 3 దాటి పోయేవి సగటున వెయ్యింటికి మూడైనా ఉండవు. బొమ్మ గీస్తే గంటలా కనిపిస్తుంది. డిగ్రీ పుస్తకాల్లో దీని పేరు సామాన్య విభాజనం. ఇప్పుడు ఒక్క లైనుతో అయిపోయే ఈ పనికి వెనకటివాళ్లు ఎన్ని వేషాలు వేశారో!

అన్నిటికన్నా విచిత్రమైన ముడిసరుకు

డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఒక వ్యాసం అచ్చువేయించాడు. చిన్న నమూనాల సగటును ఎంతవరకు నమ్మవచ్చన్నది అతని ప్రశ్న. సూత్రం కట్టాడు గానీ దాన్ని సరిచూడాలంటే గంట ఆకారంలో పరుచుకునే సంఖ్యలు కావాలి. అవి అమ్మే దుకాణం లేదు. అందుకని 3,000 మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు అట్టముక్కల మీదికి ఎక్కించాడు. బాగా కలిపి నాలుగేసి చొప్పున విడదీశాడు. 750 నమూనాలు తేలాయి. స్టూడెంట్ టి-పరీక్ష అని ఇవాళ కాలేజీల్లో చెప్పే పాఠానికి తొలి సాక్షులు ఆ ఖైదీల వేళ్లే. పాపం, వాళ్లకా సంగతి తెలిసి ఉండదు.

అంతకు ముందు 1890లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ ఇదే పనికి చెక్క పాచికలు చేయించాడు. ముఖానికి ఒక్క అంకె కాదు, నాలుగు అంచుల వెంబడీ నాలుగు విలువలు. అంటే ఒక్కో పాచికకు 24 ఫలితాలు.

అతి లావు పుస్తకం

అమెరికాలోని ర్యాండ్ సంస్థ 1955లో వేసిన పుస్తకంలో కథ లేదు, వాక్యాలున్నది ముందుమాటలోనే. 400 పేజీల నిండా పది లక్షల యాదృచ్ఛిక అంకెలు, ఆపైన 200 పేజీల్లో గంట ఆకారపు సంఖ్యలు లక్ష. అంకెల్ని పుట్టించింది ఎలక్ట్రానిక్ రూలెట్ చక్రంలాంటి యంత్రం. అది కూడా కొన్ని అంకెల వైపు మొగ్గు చూపడంతో ఇంజినీర్లు సర్క్యూట్లను మళ్లీ మళ్లీ సవరించాల్సి వచ్చింది. పుస్తకంలో ఎక్కడ మొదలుపెట్టాలి? కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీలో ఒక సంఖ్య మీద వేలు పెట్టి, అది చూపిన వరసలో మొదలుపెట్టమని ముందుమాటే చెబుతుంది.

మన దేశం ఇంకా ముందే ఉంది. గంట సంఖ్యల పట్టికలను గణాంకవేత్త మహలనోబిస్ బృందం 1934లోనే ‘సాంఖ్య’ పత్రికలో ప్రచురించింది.

అతి చిన్న వ్యాసం

1958లో జార్జ్ బాక్స్, మెర్విన్ ముల్లర్ రాసింది రెండే పేజీలు. ప్రోగ్రామర్లు ఇప్పటికీ దాన్నే అరువు తెచ్చుకుంటున్నారు. మైదానం నడుమ నిలబడ్డామనుకోండి. సున్నాకీ ఒకటికీ మధ్యనున్న రెండు మామూలు యాదృచ్ఛిక సంఖ్యలు తీసుకోవాలి. మొదటిది ఎంత దూరం నడవాలో చెబుతుంది: దాని లాగరిథమ్‌ను మైనస్ రెండుతో గుణించి వర్గమూలం తీస్తే అదే దూరం. రెండోది ఎటు తిరగాలో చెబుతుంది. నడిచి ఆగిన చోటు నుంచి తూర్పు పడమరలుగా కొలిస్తే ఒక గంట సంఖ్య, ఉత్తర దక్షిణాలుగా కొలిస్తే ఇంకొకటి. రెండు పెడితే రెండు వస్తాయి, ఏదీ వృథా పోదు. (ఈ బాక్స్ గారు ఆ తరవాత గణాంకశాస్త్ర దిగ్గజం ఫిషర్‌కి అల్లుడయ్యాడు.)

అతి చవక చిట్కా

పన్నెండు మామూలు యాదృచ్ఛిక సంఖ్యలు కూడి అందులోంచి 6 తీసెయ్యడం. లాగరిథమ్ లేదు, సైన్ లేదు. గవ్వలు విసిరినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఆరు గవ్వలు రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే 64 రకాల్లో 20 సార్లు మూడే వెల్లకిలా పడతాయి. ఆరుకు ఆరూ వెల్లకిలా పడేది ఒక్కసారే. కూడికకు మధ్యలో కూర్చోవడమే అలవాటు. ఒక్కటే లోపం: ఈ పద్ధతిలో ఫలితం ఎన్నటికీ 6 దాటదు.

అతి దుబారా, అతి వేగం

సైన్, కొసైన్‌ల ఖర్చు తప్పించడానికి జార్జ్ మార్సాగ్లియా పోలార్ పద్ధతి తెచ్చాడు. చదరంలో చుక్క వేసి, అది లోపలి వృత్తంలో పడకపోతే పారేస్తాం. వందకు ఇరవై ఒక్క చుక్కలు చెత్తబుట్టకే. అయినా అదే లాభం! ఆ మార్సాగ్లియాయే 2000లో వై వాన్ త్సాంగ్‌తో కలిసి గంటను 256 పొరలుగా కోశాడు. పేరు జిగ్గురాట్, అంటే పాత మెసపొటేమియావాళ్ల మెట్ల గోపురం. వందకు తొంభై తొమ్మిది సార్లు ఒక గుణకారం, ఒక పోలికతో పని ముగుస్తుంది. నమ్‌పై అనే పైథాన్ లైబ్రరీలోని కొత్త జనరేటర్ వాడేది దీన్నే.

అతి పొట్టి కొస

నాకు అన్నిటికంటే నచ్చిన విశేషం ఇది. సిద్ధాంతంలో గంట కొసలకు అంతులేదు, కంప్యూటర్‌లో ఉంది. బాష్ షెల్ ఇచ్చే ర్యాండమ్ 0 నుంచి 32,767 దాకానే. దాంతో బాక్స్-ముల్లర్ నడిపితే సుమారు 4.56 దగ్గర గోడ తగులుతుంది. పది లక్షల్లో అయిదు రావలసిన చోట ఒక్కటీ రాదు. 32 బిట్లతో గోడ 6.66కు, పైథాన్ వాడే 53 బిట్లతో 8.57కు జరుగుతుంది. పైథాన్ వెనక తిరిగే మెర్సెన్ ట్విస్టర్ అనే యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ మళ్లీ మొదటికి రావడానికి పట్టే అడుగులు లెక్కిస్తే 6,002 అంకెల సంఖ్య అవుతుంది. అంత పొడుగు చక్రం ఉన్నా 8.57 మాత్రం దాటలేదు.

జావాస్క్రిప్ట్‌లో గంట సంఖ్యలిచ్చే ఫంక్షనే లేదు, సొంతంగా రాసుకోవాలి. దాని మ్యాథ్ డాట్ ర్యాండమ్ ఎప్పుడో ఒకసారి అచ్చంగా సున్నా ఇవ్వవచ్చు. సున్నాకు లాగరిథమ్ తీస్తే దూరం అనంతం. పైథాన్ రాసినవాళ్లు లాగరిథమ్ తీసేముందు ఒకటిలోంచి ఆ సంఖ్యను తీసేసి ఈ గుంట పూడ్చారు. అయితే అక్కడ ఇంకో తిరకాసుంది. గాస్ రెండు సంఖ్యలు చేసి, ఒకటి మనకిచ్చి, రెండోది జేబులో దాచుకుంటుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి చెయ్యి చాపితే ఇద్దరి చేతిలోనూ అదే సంఖ్య పడవచ్చని పైథాన్ మాన్యువలే హెచ్చరిస్తుంది. అది కుదరదనుకుంటే నార్మల్‌వేరియేట్ అనే నెమ్మది ఫంక్షన్ పక్కనే ఉంది.