రాతికట్ట చాటున అలలు
హాఫ్ మూన్ బే తీరంలో కెరటాల జోస్యం

శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా సుమారు 25 మైళ్ళ దూరాన, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున అర్ధచంద్రాకారంలో వంగిన అఖాతమే హాఫ్ మూన్ బే. దాని ఉత్తరపు కొసన పిల్లర్ పాయింట్ అనే కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకొని ఉన్నది. ఆ కొమ్ము చాటున చేపల పడవలకు ఒక రేవు, ఆ రేవుకు రక్షణగా అమెరికా సైనిక ఇంజనీర్లు 1959-61 సంవత్సరాల మధ్య నిర్మించిన పొడవైన రాతికట్టలు ఉన్నాయి. తూర్పు రాతికట్ట ఒడ్డును తాకే చోట, ఒకటవ నంబరు రహదారిని ఆనుకొని ఉన్న చిన్న ఇసుక తీరాన్ని సర్ఫర్స్ బీచ్ అంటారు. పలకపై నిలిచి అలల మీద జారే క్రీడను నేర్చుకొనేవారు మొదట అడుగుపెట్టే తీరాలలో ఇది ఒకటి.

కొండకొమ్ముకు ఆవల, ఈ తీరానికి సుమారు రెండు మైళ్ళ దూరంలో, మావెరిక్స్ అనే మరొక స్థలం ఉన్నది. శీతకాలపు తుఫానుల తరువాత అక్కడ మేడలంత కెరటాలు లేస్తాయి. 1994 డిసెంబరు 23న హవాయి దీవులలో పేరుపొందిన క్రీడాకారుడు మార్క్ ఫూ అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. అతడిని ముంచిన అల ఆ స్థలపు లెక్కలో మరీ పెద్దదేమీ కాదు. ఒకే తుఫాను పంపిన అలలు ఒకచోట అంతటివారిని మింగి, రెండు మైళ్ళ ఇవతల పిల్లల నడుము లోతులో ఆటవస్తువులవుతాయి. ఈ తేడాకు కారణమేమిటో తెలిసిన తల్లిదండ్రులకు ఆదివారం నాడు పిల్లలను నీటిలోకి పంపవచ్చునో, పంపరాదో నిర్ణయించుకోవడం కొంత తేలిక. శాన్‌హోసే, ఫ్రీమాంట్ పరిసరాల తెలుగు కుటుంబాలకు కారులో గంట, గంటన్నర ప్రయాణంలో అందే తీరం కనుక ఈ ప్రశ్న తరచుగా ఎదురయ్యేదే.

అలల జోస్యం చెప్పేవారు సాధారణంగా మూడు సంఖ్యలు ఇస్తారు. ఉదాహరణకు, 5 అడుగులు, 16 సెకన్లు, 290 డిగ్రీలు. మొదటిది అల ఎత్తు. రెండవది ఒక శిఖరం దాటిన తరువాత మరొక శిఖరం రావడానికి పట్టే కాలం. మూడవది అల ఏ దిక్కునుండి వస్తున్నదో చెప్పే కోణం. చాలామంది మొదటి సంఖ్యను మాత్రమే చూసి, 'అయిదడుగులే గదా' అనుకొని బయలుదేరుతారు. అసలు కథ రెండవ సంఖ్యలో ఉన్నది.

గాలి నీటిపై ఎంత బలంగా, ఎంతసేపు, ఎంత దూరం మేర వీచినదో దానినిబట్టి అల తయారవుతుంది. దగ్గరి గాలికి లేచిన అలలు పొట్టివి, గజిబిజిగా ఉంటాయి. దూరపు తుఫానులో పుట్టినవి ప్రయాణంలో తమలో తాము వేరుపడి, బారులు తీరి వస్తాయి. వీటినే స్వెల్ అంటారు. లోతైన సముద్రంలో తరంగదైర్ఘ్యం, ఆవర్తన కాలపు వర్గాన్ని 1.56తో గుణించగా వచ్చిన మీటర్లకు సమానం. ఆ లెక్కన 8 సెకన్ల అలకు పొడవు 100 మీటర్లు, 16 సెకన్ల అలకు 400 మీటర్లు. ఒకే ఎత్తున్నప్పటికీ రెండవది తీరానికి చేర్చే శక్తి మొదటిదానికి రెట్టింపు. పైగా లోతు తగ్గుతున్నకొద్దీ అది మరింతగా పైకి లేస్తుంది. అందుచేత నడిసముద్రంలో తేలే బోయ్ చూపిన అయిదడుగులు, తెరచిన తీరాన ఎనిమిది అడుగులై విరిగినా ఆశ్చర్యపడనక్కరలేదు. పైగా ఆ అయిదడుగులు గరిష్ఠ పరిమితి కాదు. అలలన్నింటిలో పెద్దవైన మూడవ వంతును తీసుకొని కట్టిన సగటు అది. దానికి ఇంచుమించు రెట్టింపు ఎత్తున్న అల అప్పుడప్పుడు రానేవస్తుంది.

పొడవైన అలలు వేగంగా నడుస్తాయి. 20 సెకన్ల అలల గుంపు గంటకు సుమారు 56 కిలోమీటర్లు సాగితే, 10 సెకన్ల గుంపు అందులో సగం మాత్రమే సాగుతుంది. అలాస్కా సింధుశాఖలో, మూడువేల కిలోమీటర్ల దూరాన తుఫాను లేచినదనుకొంటే, మొదటి రకం రెండు రోజులు దాటగానే కాలిఫోర్నియాకు చేరుతుంది, రెండవదానికి నాలుగు రోజులకు పైగా పడుతుంది. పెళ్ళివారికన్న ముందు వార్త వచ్చినట్లు, ఎత్తు తక్కువైనా కాలం ఎక్కువైన అలలు బోయ్ మీద కనబడగానే వెనుక పెద్ద గుంపు ఉన్నదని నిపుణులు గ్రహిస్తారు.

ఈ శాస్త్రానికి పునాది వేసినవారు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన హరాల్డ్ స్వెర్‌డ్రుప్, వాల్టర్ మంక్. 1944 జూన్‌లో నార్మండీ తీరాన సేనలను దించడానికి అలల అంచనా కట్టినవారు వీరి పద్ధతినే అనుసరించారు. 1963లో మంక్ బృందం న్యూజిలాండ్ నుండి అలాస్కా వరకు పరికరాలు నిలిపి, దక్షిణార్ధగోళంలో పుట్టిన అలలు భూమధ్యరేఖను దాటి పదివేల కిలోమీటర్లకు పైగా నడచి రావడాన్ని కొలిచింది. ఇప్పుడు ఆ లెక్కలన్నీ కంప్యూటర్లు చేస్తున్నాయి. భారతదేశపు తీరాలకు అటువంటి అంచనాలను 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అందిస్తుంది. అది ఉన్నది సముద్రమే లేని హైదరాబాదులో కావడం ఒక చమత్కారం.

ఇక మూడవ సంఖ్య. హాఫ్ మూన్ బే రాతికట్ట విషయంలో దిక్కే ప్రధానం. శీతకాలపు అలలు ఎక్కువగా వాయవ్యం నుండి వస్తాయి. వాటికి కొండకొమ్ము, దానివెనుక రాతికట్టలు అడ్డుపడతాయి. అల కొస చుట్టూ వంగి లోపలికి వచ్చేది శక్తిలో కొంత భాగమే. దీనిని వివర్తనమంటారు. లోతు తేడాలవల్ల వంగడం వక్రీభవనం. రెండూ కలిసి 290 డిగ్రీల అలను ఈ తీరాన బాగా కుదిస్తాయి. కాని వేసవిలో దక్షిణార్ధగోళం నుండి, అంటే 190, 200 డిగ్రీల దిక్కునుండి వచ్చే అలకు ఈ చాటు లేదు. అది నేరుగా లోపలికి వస్తుంది. జోస్యంలో రెండడుగులే అని ఉన్నా, దక్షిణపు అలయితే మరొకసారి ఆలోచించవలసినదే.

ఆటుపోట్ల సంగతి కూడా ఇక్కడ ప్రత్యేకం. ఈ తీరాన రోజుకు రెండు పోట్లు వచ్చినా, రెండింటి ఎత్తు సమానం కాదు. పెద్ద పోటు సమయంలో నీరు రహదారి రక్షణకు పేర్చిన బండరాళ్ళదాకా వచ్చి ఇసుకను మూసివేస్తుంది. రాళ్ళను కొట్టి వెనుదిరిగిన అల, ఎదురు వచ్చే అలతో తలపడుతుంది. నేర్చుకొనేవారికి అది మంచి వేళ కాదు. ఆటు నుండి నడిమి పోటు వరకు, అదీ వాయవ్యపు గాలి ఇంకా లేవని ఉదయపు గంటలలో, నీరు నునుపుగా ఉండి అలలు క్రమంగా విరుగుతాయి. అల సాధారణంగా తన ఎత్తుకు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. రెండడుగుల అల అంటే మూడడుగులకన్న తక్కువ లోతు, కాళ్ళు నేలకు ఆనే చోటు.

రాతికట్ట చేసే మేలుతోబాటు ఒక కీడు కూడా ఉన్నది. ఒడ్డు వెంబడి పారే నీరు కట్టను తాకగానే మరో దారి లేక, రాళ్ళ పక్కగా సముద్రంలోకి మళ్ళుతుంది. ఇదే రిప్ కరెంట్. జట్టీలు, రాతికట్టలు ఉన్న ఏ తీరాననైనా దీనిని అనుమానించవలసినదే. అక్కడ అలలు విరగవు కనుక చూసేవారికి ఆ పాయ నిశ్శబ్దంగా, సురక్షితంగా కనబడుతుంది. అనుభవజ్ఞులు దానినే వాహనంగా చేసుకొని శ్రమలేకుండా లోపలికి వెళతారు. తెలియనివారు దానికి ఎదురీది అలసిపోతారు. సెకనుకు ఎనిమిది అడుగుల వేగం వరకు కొలిచిన సందర్భాలున్నాయి. గజ ఈతగాళ్ళు కూడా దానికి ఎదురు నిలవలేరు. అందులో చిక్కినవారు ముందు తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి, చేయెత్తి పిలవాలి, తరువాత ఒడ్డుకు సమాంతరంగా, రాతికట్టకు దూరమయ్యే వైపుకు ఈదాలి. కాపాడబోయే తండ్రి తేలే వస్తువేదీ లేకుండా దూకితే ఇద్దరికీ ప్రమాదమే.

ఈ ప్రవాహాలపై 1941లో వెలువడిన తొలి ప్రామాణిక పరిశోధనా వ్యాసపు ముగ్గురు రచయితలలో ఒకరు యూజీన్ లాఫాండ్. ఆయనే 1952లో వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర అధ్యయనానికి నాంది పలికినవారిలో ఒకరయ్యారు. ఆ విశ్వవిద్యాలయానికి దిగువనే ఉన్న విశాఖ తీరాన ఇప్పటికీ ఏటా యువకులు అవే ప్రవాహాలకు బలి అవుతున్నారు.

బంగాళాఖాతానికి అలవాటుపడినవారిని హాఫ్ మూన్ బే మరొక విధంగా మోసగిస్తుంది. ఎండ కాస్తున్నా నీరు 10 నుండి 15 డిగ్రీల సెంటిగ్రేడ్ మాత్రమే. ఏప్రిల్, మే నెలలలో వీచే వాయవ్యపు గాలులు పైనీటిని తీరానికి దూరంగా నెట్టగా, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. అందువల్ల జనవరికన్న వసంతంలోనే నీరు ఎక్కువ చల్లన. రబ్బరు దుస్తులు లేకుండా దిగినవారికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది.

రాతికట్ట వచ్చిన తరువాత ఈ తీరపు ఇసుక నడక కూడా మారిపోయింది. రేవు లోపల ఇసుక మేటవేస్తుంటే, కట్టకు వెలుపల సర్ఫర్స్ బీచ్ కోసుకుపోతున్నది. రహదారి పక్కన బండరాళ్ళు పేర్చవలసి రావడానికి కారణం ఇదే. రేవులో పేరుకొన్న ఇసుకను తవ్వి తీరానికి చేర్చాలనే ప్రతిపాదన చాలాకాలం నలిగింది. విశాఖలో ఔటర్ హార్బర్ కట్టిన తరువాత డ్రెడ్జర్లతో ఇసుక తోడి తీరంలో పోయడం చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇసుక తగ్గినకొద్దీ పోటు వేళ నీరు బండరాళ్ళను ముందుగానే అందుకొంటుంది. అలలు నేర్చుకొనేవారికి అనువైన గంటలు రోజులో ఆ మేరకు కుదించుకుపోతాయి.