వస్తువుల గర్భము: చెట్టు మొదలుకొని సూర్యుని వఱకు

ఏ వస్తువునకైనను పైభాగమొకటి, నడిమి భాగమొకటి యుండును. కంటికి కానవచ్చునది పైభాగమే. కొనువాడు దానిని చూచియే వెల కట్టును. కాని ఆ వస్తువు నిలుచుటయు, చెడుటయు తఱచుగా నడిమి భాగమును బట్టి యుండును. ఈ నడిమి భాగమునే కఱ్ఱయందు చేవ యనియు, తాటి కొబ్బరి చెట్లయందు మొవ్వు అనియు, భూమియందు గర్భము అనియు పిలుచుచున్నాము. కోసి చూడకయే దాని స్థితిని తెలిసికొనుట యెట్లు? అది చేయు పని యెట్టిది? ఈ రెండు సంగతులను సంఘ సభ్యులగు రైతు సోదరులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా మనకు పరిచితమైన చెట్టును తీసికొందము. టేకు మ్రానును అడ్డముగా కోసినచో నడుమ ముదురు రంగుగల చేవయు, దాని చుట్టును తెల్లకట్టెయు కనబడును. వేళ్లు పీల్చిన నీరు ఆకులకు ఎక్కుట యీ తెల్లకట్టె ద్వారముననే. చెట్టు లావగుట బెఱడు క్రిందనున్న పలుచని పొర వలన జరుగును. చేవయందలి కణములు చనిపోయినవి. వాని నాళములు మూసికొని, నూనెలు మున్నగు పదార్థములతో నిండియుండును. అందుచేతనే టేకు చేవను చెదలు త్వరగా ముట్టవు. తెల్లకట్టెయందు పిండిపదార్థ ముండుటచే పుచ్చుపురుగు దానినే మొదట తినును. కావున చేవ చెట్టునకు ప్రాణము కాదు, బలము. నడుమ తొఱ్ఱపడిన చింతచెట్టు ఏటేట చిగిర్చి కాయుచుండుట యిందుచేతనే. అయినను పెనుగాలి వీచునపుడు అట్టి చెట్టు విఱుగునను భయము హెచ్చు.

కొబ్బరిచెట్టు సంగతి వేఱు. దానికి పెరుగు మొగ్గ ఒక్కటే. అది తలయందు మట్టల నడుమ దాగియుండును. కొమ్ముపురుగు ఆ మొగ్గ వఱకు తొలిచినను, మొవ్వుకుళ్లు తెగులు దానిని చంపినను, మ్రాను ఎంత లావుగ నున్నను చెట్టు బ్రతుకదు. వరియందును మొగిపురుగు పిలకలోనికి చొచ్చి కొఱికినప్పుడు చుట్టునున్న ఆకులు పచ్చగనే యుండి, నడిమి మొవ్వు మాత్రము ఎండును. దానిని పట్టి లాగినచో సులభముగ ఊడివచ్చును. లోపలి చెఱుపునకు బయటి గుఱుతు ఇదియే.

ఇక మనము నిలిచియున్న భూమిని గుఱించి చెప్పుదము. భూమి నడిమికి 6,371 కిలోమీటర్లు. మనుష్యులు తొలిచిన రంధ్రములలో మిక్కిలి లోతైనది రష్యాలోని కోలా ద్వీపకల్పమున నున్నది. దాని లోతు 12 కిలోమీటర్లకు కొంచెము మించును, అంతే. అట్లయ్యును భూగర్భమున నేమున్నదో శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. కుండ కొనునపుడు మనము చేతితో ఎత్తి బరువు చూతుము, వ్రేలితో తట్టి మ్రోత విందుము. వారు చేసినదియు నించుమించుగ ఈ రెండు పనులే.

మొదటిది బరువు. 1798లో ఇంగ్లండునందు కావెండిషు అను శాస్త్రజ్ఞుడు సీసపు గుండ్ల ఆకర్షణను సున్నితమైన త్రాసుతో కొలిచి, భూమి మొత్తము మీద నీటికన్న సుమారు అయిదున్నర రెట్లు బరువైనదని లెక్క కట్టెను. మన తెలంగాణమునందు కొండలుగ నిలిచిన గ్రానైటు రాయి నీటికన్న రమారమి 2.7 రెట్లు మాత్రమే బరువు. పైనున్న రాయి తేలికయై, మొత్తము బరువైనచో, లోపల మిక్కిలి బరువైన పదార్థ ముండి తీరవలెను గదా! ఆ పదార్థము ముఖ్యముగా ఇనుము. దానితో కొంత నికెలు కలిసియున్నది.

రెండవది మ్రోత. భూకంపము కలిగినప్పుడు పుట్టిన అలలు భూమి లోపలి గుండ సాగి ఆవలి వైపునకు చేరును. వానిలో ఒక జాతి అలలు ఘనపదార్థమందును, ద్రవమందును పోగలవు. రెండవ జాతివి ద్రవమున పోలేవు. భారతదేశపు భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసిన ఓల్డుహాము అను ఆయన 1897 జూన్ 12వ తేదీని అస్సామునందు కలిగిన ఘోర భూకంపమును పరిశీలించి, ఈ అలల భేదమును గుర్తించెను. పిదప 1906లో, భూమికి నడుమ వేఱైన గర్భమొకటి కలదని అలల రాక నుండియే ఋజువు చేసెను. ఆ గర్భము సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ఆరంభమగును. దాని వెలుపలి భాగము కరగిన లోహము. దాని నట్టనడుమ ఘనమైన గోళము మఱియొకటి కలదని 1936లో డెన్మార్కు దేశపు విదుషీమణి ఇంగె లేమను తెలిపెను. అచటి వేడిమి సూర్యుని పైభాగపు వేడిమికి ఇంచుమించు సమానము. అయినను, మన గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్ల ఒత్తిడి పైనుండుటచే ఇనుము కరగక గట్టిగ నున్నది. హైదరాబాదునందు 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో నేడును భూకంపపు టలలను, భూమి అయస్కాంత బలమును కొలుచుచున్నారు.

అంత లోతున నున్న గర్భముతో మనకేమి పని యని కొందఱు అడుగవచ్చును. కరగిన ఇనుము మెల్లగ చల్లబడుచు, భూభ్రమణముతో సుడులు తిరుగుచుండుట వలన విద్యుత్తు పుట్టి, ఆ విద్యుత్తు భూమిని గొప్ప అయస్కాంతముగ చేయుచున్నది. దిక్సూచి ముల్లు ఉత్తరమును చూపుట దాని వలననే. సూర్యుని నుండి వేగముగ వచ్చు విద్యుత్కణముల గాలిని ఈ అయస్కాంతబలము ప్రక్కకు త్రోయుచున్నది. అంగారక గ్రహమున 2018లో దిగిన ఇన్‌సైటు అను యంత్రము అచటి కంపములను కొలువగా, ఆ గ్రహమునకును గొప్ప ద్రవ గర్భము కలదని తేలినది. కాని తగిన కదలిక లేమిచే అచటి ద్రవము గ్రహమంతటిని కాచు అయస్కాంతబలమును నేడు పుట్టించుట లేదు. అంగారకుని గాలిలో చాల భాగము కోట్లకొలది సంవత్సరములలో అంతరిక్షము పాలయ్యెను. నేడు అచటి గాలి ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో నూఱవ వంతుకన్న తక్కువ. కావున గర్భముండుట మాత్రమే చాలదు, అది పనిచేయుచు నుండవలెను.

సూర్యుని గర్భము మన పంటలన్నిటికిని మూలము. దాని వేడిమి ఒకటిన్నర కోటి డిగ్రీలు. అచట వాయువే సీసముకన్న పదిరెట్లకు మించిన సాంద్రత గలదై యుండును. అందు ప్రతి సెకనునకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజను హీలియముగ మాఱుచున్నది. అందులో 40 లక్షల టన్నులకు మించిన పదార్థము శక్తి రూపమును దాల్చుచున్నది. ఈ మంట ఏల హద్దు మీఱదనగా, గర్భము వేడెక్కినచో వ్యాకోచించి చల్లబడును, చల్లబడినచో కుంచించుకొని మరల వేడెక్కును. ఈ సరిచూపు వలననే మన పైరులకు ఏటేట సమానముగ ఎండ లభించుచున్నది.

సూర్యునికన్న ఎనిమిది రెట్లకు మించిన బరువుగల నక్షత్రములలో కొన్ని తమ గర్భమునందలి యింధనమును వరుసగా మార్చుకొనుచు తుదకు ఇనుము వఱకు వచ్చును. ఇనుమును మండించుట వలన శక్తి రాదు. అప్పుడు గర్భము ఒక్క సెకనులోపల కూలి, నక్షత్రము ప్రేలును. మన నాగటి కఱ్ఱునందును, మన రక్తమునందును గల ఇనుము పూర్వము నక్షత్రముల ప్రేలుడులలో పుట్టి వెదచల్లబడినదే.

ఆ యినుమే నేడు మన బావుల యొద్ద విద్యుత్తు మోటారునకు గర్భమై పనిచేయుచున్నది. దానిని మెకానిక్కులు కోరు అందురు. అది ఒకే దిమ్మ కాదు. కొంచెము సిలికాను కలిసిన, రమారమి అర మిల్లీమీటరు మందముగల ఉక్కు రేకులను పేర్చి బిగింతురు. వానికి స్టాంపింగులని పేరు. విద్యుత్తు ఒక రేకు నుండి మఱియొక రేకునకు దాటకుండ వానిపై పలుచని పూత యుండును. ఇనుము ఒకే దిమ్మయైనచో అందు సుడి ప్రవాహములు పుట్టి, కరెంటు వేడిగ మాఱి వృథా యగును. నీరు పల్లమునకు ఒక్కుమ్మడి పాఱకుండ పొలమును గట్లతో మళ్లుగ విభజించినట్లే, ఆ సుడులను అణచుటకు ఇనుమును రేకులుగ విభజించిరి.

మోటారు కాలినప్పుడు పాత రాగితీగెను సులువుగ తీయుటకై కొందఱు కోరుకు మంట పెట్టి ఎఱ్ఱగ కాల్చుదురు. ఆ మంటలో తీగె పూతతో పాటు రేకుల నడిమి పూతయు పోవును. సుత్తితో బాదినచో రేకుల అంచులు ఒకదానినొకటి తాకును. పిమ్మట క్రొత్త తీగె ఎంత మంచిదైనను కోరు తానే వేడెక్కును, అదే నీటికి ఎక్కువ కరెంటు ఖర్చగును, తీగెయు మరల త్వరగా కాలును. నీరు లేక పైరెండిన పిదప మోటారు పైరంగును చూచి యేమి ప్రయోజనము?

కావున సభ్యులు ఈ క్రింది సంగతులను మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. కఱ్ఱ కొనునపుడు రంగు వేయకముందే కొనలను చూచి, చేవ యెంత, తెల్లకట్టె యెంత యని తెలిసికొనుడు. కొబ్బరితోటలో మట్టల మొదళ్లను, మొవ్వును తఱచుగా పరీక్షింపుడు. వరి నాటిన పిదప ఎండిన మొవ్వులను లాగి చూడుడు. మోటారును రీవైండింగునకు ఇచ్చునపుడు కోరును మంటలో కాల్చవద్దని ముందే చెప్పి, విప్పునపుడు దగ్గఱ నుండుడు. బాగుచేయించిన మోటారు, వోల్టేజియు బేరింగులును సరిగనుండియు మునుపటికన్న వేడెక్కుచు, ఆంపియర్లు హెచ్చుగ చూపుచున్నచో, మరల తీగె మార్పించుటకు ముందు కోరును పరీక్ష చేయింపుడు.