అతిథి నుండి ఇంటివాడి దాకా: సికింద్రాబాద్ ప్రాంత బిషప్ సంఘాల ఆదరణ, పరిచర్య

వ్యాససంగ్రహం:
బిషప్ నాయకత్వం గల క్రైస్తవసంఘాలను ఎపిస్కోపల్ సంఘాలు అంటారు. సికింద్రాబాద్‌లో ఇటువంటి ఆరాధన సైనికస్థావరంతో మొదలై, 1947 తరువాత దక్షిణ ఇండియా సంఘంలో భాగమైంది. ఈ సంఘాల ఆదరణను, సేవను తెలుగు బైబిలులోని కొన్ని పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాయం పొందినవాడికి సంఘంలో సమానస్థానం దక్కిందా అన్నదే ఆదరణకు గీటురాయి అని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: సికింద్రాబాద్, బిషప్, అతిథిప్రియుడు, సహవాసం, పరిచర్య, మెదక్, డోర్నకల్.

1. ఉపోద్ఘాతం:
'ఎపిస్కోపల్' అనే మాటకు మూలం 'ఎపిస్కోపోస్' అనే గ్రీకు పదం. కనిపెట్టి చూసేవాడు అని దాని అర్థం. తెలుగు బైబిలు అనువాదకులు దీనిని 'అధ్యక్షుడు' అన్నారు. బిషప్ పరిధిని తెలుగు సంఘాలు 'అధ్యక్షమండలం' అని వ్యవహరించడం ఈ అర్థంలోనే. తిమోతికి రాసిన మొదటి పత్రికలో అధ్యక్షునికి ఉండవలసిన లక్షణాలలో 'అతిథిప్రియుడు' కావడం ఒకటి. అక్కడి గ్రీకు పదం 'ఫిలోక్సెనోస్'. పరాయివాడిని ప్రేమించేవాడని దాని అర్థం.

తెలుగులో 'అతిథి' అనగానే వచ్చి, మర్యాద పొంది, తిరిగి వెళ్లేవాడు స్ఫురిస్తాడు. ఇంటి యజమాని మాత్రం యజమానిగానే ఉంటాడు. సంఘానికి వచ్చిన పరాయివాడు అతిథిగానే మిగిలిపోవాలా, ఇంటివాడు కావాలా? ఈ ప్రశ్నతోనే ఇక్కడి చరిత్రను చదవవలసి ఉంది.

2. లష్కర్ ఆలయాలు:
సికింద్రాబాద్ 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరున ఏర్పడిన కంటోన్మెంట్ పట్టణం. స్థానికులు దీనిని నేటికీ లష్కర్ అనే పిలుస్తారు. 1813 నాటి సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి, 1847 నాటి బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి ఇక్కడి ప్రాచీన ఆంగ్లికన్ ఆలయాలు. ఇవి ప్రధానంగా బ్రిటీషు సైనికుల, వారి కుటుంబాల ఆరాధన కోసం వెలసినవి. చుట్టుపక్కల ఉన్న తెలుగువారిని ఉద్దేశించి కట్టినవి కావు. కాబట్టి ఆదరణ ఈ సంఘాలకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, క్రమంగా నేర్చుకున్న గుణం.

3. పట్టణం నుండి పల్లెకు:
ఈ మార్పుకు ఒక ఉదాహరణ చార్లెస్ వాకర్ పాస్నెట్. ఈయన ఆంగ్లికన్ కాదు, వెస్లియన్ మెథడిస్టు. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరిలోని బ్రిటీషు సైనికుల మధ్య పనిచేసి, తరువాత మెదక్ పల్లెలకు వెళ్లాడు. ఆ ప్రాంతం కరువుతో అల్లాడినప్పుడు ఊరికే అన్నం పెట్టడం కంటే పని కల్పించి అన్నం పెట్టడం మేలని భావించాడు. ఆ విధంగా సాగిన ఆలయనిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది.

ఉచితదానం తీసుకునేవాడిని యాచకుడిగా నిలబెడుతుంది. కూలి తీసుకున్నవాడు నిర్మాతగా నిలబడతాడు. తాను రాయి మోసిన గుడిలోకి అతడు అతిథిగా అడుగుపెట్టడు. అయితే పని, కూలి రెండూ మిషనరీ చేతిలోనే ఉన్నాయన్నది ఇక్కడ మరువరాని పరిమితి.

4. ఒకే బల్ల:
ఆ పరిమితిని దాటే ప్రయత్నం సికింద్రాబాద్–బెజవాడ రైలుమార్గంలోని డోర్నకల్‌లో జరిగింది. తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడింబరో సమావేశంలో, మిషనరీల త్యాగాన్ని గుర్తిస్తూనే తమకు కావలసినది స్నేహమని ఆయన కోరాడు. దాతృత్వానికీ సమానత్వానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ కోరిక బయటపెట్టింది.

డోర్నకల్ సంఘాలలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ సముదాయాలవారు. ఈ రెండు సముదాయాల మధ్య కంచం పొత్తు లేని కాలమది. అందరూ ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం ఆ పరిస్థితిలో ఆచారం మాత్రమే కాదు, సామాజిక పరీక్ష కూడా. వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి సంఘానికి దాచే స్త్రీల అలవాటు పేదలను దాతలుగా నిలిపింది.

ఇక్కడ ఒక భాషావిశేషం గమనించదగినది. బైబిలులో 'కొయినోనియా' అనే గ్రీకు పదాన్ని తెలుగు అనువాదం ఒకచోట 'సహవాసం' అన్నది. రోమీయులకు రాసిన పత్రికలో, యెరూషలేము పేదల కోసం సొమ్ము పోగుచేసిన సందర్భంలో, అదే పదం 'చందా' అయింది. కలిసి ఉండడం, కలిగినది పంచడం మూలంలో ఒకే మాట. తెలుగులో అవి రెండుగా విడిపోయాయి.

5. ఐక్యత తరువాత:
1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. ఈ ఐక్యతకు 1919 తరంగంబాడి సమావేశం నుండి కృషి చేసిన అజరయ్య 1945లోనే మరణించాడు. ఐక్యత ఫలితంగా బిషప్ పదవి మెథడిస్టులకూ వర్తించింది. సైనికుల కోసం కట్టిన లష్కర్ ఆలయాలు, కరువు కూలీలు కట్టిన గుడి ఒకే మెదక్ అధ్యక్షమండలంలోకి వచ్చాయి.

6. ముగింపు:
సంఘసేవను ఎంతమందికి అన్నం పెట్టారు, ఎన్ని పాఠశాలలు, ఆసుపత్రులు నడిపారు అన్న లెక్కలతో అంచనా వేయడం పరిపాటి. ఆ లెక్కలు అవసరమే, కాని చాలవు. అన్నం తిన్నవాడు వడ్డించే స్థానానికి వచ్చాడా, ఆలయనిర్వహణలో అతడి మాట చెల్లుతున్నదా అని కూడా అడగవలసి ఉంది. మెదక్, డోర్నకల్ అనుభవాలు ఈ ప్రశ్నకు పూర్తి సమాధానాలు కావు, సమాధానం వైపు వేసిన అడుగులు. స్థానిక సంఘాల చరిత్రలను, రిజిస్టర్లను, వృద్ధసభ్యుల జ్ఞాపకాలను ఈ దృష్టితో సేకరిస్తే తెలుగు సామాజికచరిత్రకు విలువైన ఆకరాలు లభిస్తాయి.