ఆశానిగ్రహము



సంస్కృతమున 'గ్రహ' యను ధాతువొకటి గలదు. పట్టుట దాని యర్థము. ఆగ్రహము, నిగ్రహము, అనుగ్రహము అను మూడు మాటలును దానినుండియే పుట్టినవి. ఒక్క తల్లి బిడ్డలైనను గుణములు వేరు. కోపము మనుష్యుని పట్టినచో ఆగ్రహము. మనుష్యుడు తన కోపమును, ఆశను పట్టి నిలిపినచో నిగ్రహము. దేవుడు మనుష్యుని చేపట్టినచో అనుగ్రహము. క్రైస్తవ జీవితమున వీనికి గల సంబంధమును నేడు విన్నవించెదను.

పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున ఆత్మఫలమును వర్ణించుచు తొమ్మిది గుణములను పేర్కొనెను. ప్రేమ మొదటిది, ఆశానిగ్రహము కడపటిది. కడపట నున్నందున అల్పమని తలపరాదు. గడ్డిబండికి మోకు కడపటనే గదా వేయుదురు! గ్రీకు మూలమున ఆ మాట 'ఎన్‌క్రటేయా'. 'క్రాటోస్' అనగా బలము, ఏలుబడి. తన లోపలివానిపై తనకు ఏలుబడి యుండుటయే దాని భావము. కావున ఆశలను చంపుమని కాదు. ఆకలియు, దాంపత్యమును, ఆర్జనయు దేవుడు పెట్టినవే. మన పూర్వులు రాజులను నిగ్రహానుగ్రహ సమర్థులని పొగడిరి. అది పరులను అణచు నిగ్రహము. పౌలు చెప్పినది తన్ను తాను అణచుకొనునది. మరియు దానిని ఫలమనెను గాని పన్ను అనలేదు. కొమ్మకు దారముతో కట్టిన పండు నాలుగు దినములు నిలువదు. చెట్టు రసమెక్కి పండవలయును. అనుగ్రహము వేరు, నిగ్రహము పండు.

మన చాగలమర్రి వైపు రైతులకు నీటి సంగతి నేను చెప్పనక్కరలేదు. కర్నూలు కడప కాలువను 1860 దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వింపగా, 1882లో ప్రభుత్వమువారు కొనిరి. సుంకేసులయొద్ద తుంగభద్రను విడిచిన నీరు ఇంతదూరము వచ్చుట దేనివలన? గట్లవలన. గట్టు నీటికి శత్రువు కాదు. గట్టు లేనిచో ఆ నీరు మొదటి పల్లములోనే నిలిచి ఇంకిపోవును. గండి పడిన రాత్రి ప్రక్క పొలము మునుగును, దిగువ పొలము ఎండును. కోపమును ఇట్టిదే. అది గట్టులోపల నున్నంతకాలము అన్యాయమును ఎదిరించుటకు పనికివచ్చును.

త్రాగుడు మానుటయే నిగ్రహమని పలువురు తలతురు. 1912లో బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు త్రాగుడును, అప్పును పల్లెలను పట్టిన దయ్యములలో లెక్కించిరి. ఆయన కాలమున నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములును దోర్నకలు అధ్యక్ష ఖండములో చేరియుండెను. ఆ బోధ అవసరమే. 1995లో రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చి, 1997లో సడలెను. శాసనము అంగడిని మూయగలదు, నోటిని మూయజాలదు. అయితే ఎన్నడును కల్లు ముట్టని పెద్దమనుష్యునికి వేరొక పరీక్ష గలదు. అది రచ్చబండ మీద జరుగును. తాత పట్టిన పంతమునకు మనుమలు కోర్టుల చుట్టు తిరుగుట మన సీమలో ఎరుగనివారెవరు? శ్రమకాలపు నలువది దినములు మాంసము మానుదురు గాని, పొరుగువాని పేరెత్తి దూషించుట మానువారు తక్కువ. నాలుకకు కళ్లెము కావలెనని యాకోబు ఊరక వ్రాయలేదు. ఇరుపక్షముల మాటలు సాయంకాలము విని, తీర్పును మరునాటి ఉదయమునకు నిలుపుట నా దృష్టిలో ఉపవాసముకంటె కష్టమైన నిగ్రహము. ఆ ఒక్క రాత్రిలో చల్లారిన తగవులు ఎన్నియో!

అధికారము గలవారికి ఈ మాట ఎంత కటువో అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయమున గలదు. ఫేలిక్సు యూదయకు రోమా అధిపతి. మరొకని భార్యయైన ద్రుసిల్లను మరులుకొలిపి పెండ్లాడినవాడు. ఆమెతో కూర్చుండి, కైసరయలో చెరనున్న పౌలును పిలిపించెను. పౌలు విడుదల కోరలేదు. నీతిని గూర్చి, ఆశానిగ్రహమును గూర్చి, రాబోవు తీర్పును గూర్చి ప్రసంగించెను. ఫేలిక్సు వణకెను. తీరికయైనప్పుడు మరల పిలిపించెదనని పంపివేసెను. పిలిపించెను కూడ, ఒకమారు కాదు, పలుమారులు. లంచము దొరకునేమో యని. రెండేండ్లు గడిచెను. ఫేలిక్సు పోయి ఫేస్తు వచ్చెను. పౌలు చెరలోనే యుండెను.