బస్సు రాని రోజుల్లో...



"రేపటి నుంచి బస్సులు బందంట" అన్న మాట చెవిన పడగానే మనకు ముందు ఏం గుర్తొస్తుంది? పిల్లవాడి పరీక్ష, అత్తగారి మందుబిళ్ళలు, పుట్టింట్లో పెట్టుకున్న శుభకార్యం. తప్పు ఎవరిదన్న చర్చ మగవాళ్ళు టీ బంకు దగ్గర చేసుకుంటారు. ఆ నాలుగు రోజులూ ఇల్లు గడిపే భారం మాత్రం మనదే. అంచేత డ్రైవర్లు సమ్మె చేస్తే మన మార్కాపురం, గిద్దలూరు వైపు ఏమవుతుందో, మనం ఏం జాగ్రత్త పడవచ్చో చెప్పుకుందాం.

మనకు రైలు లేకపోలేదు. గుంటూరు - నంద్యాల లైను దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగానే పోతుంది. నంద్యాలకో నరసరావుపేటకో అయితే రైలు ఆదుకుంటుంది. మరి ఒంగోలు పోవాలంటే? ఏళ్ళ తరబడి మన కచేరీ పనులకూ, పెద్దాసుపత్రికీ పోతూ వచ్చింది అక్కడికే. తిన్నగా పోయే రైలు లేదు. గుంటూరు దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. ఇక యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు వాళ్ళకు ఆ రైలెక్కాలన్నా ముందు బస్సెక్కాల్సిందే.

సమ్మెలో బస్సులన్నీ ఆగిపోతాయా అంటే, ఆగకపోవచ్చు. సంస్థ సొంత బస్సులతో పాటు అద్దె బస్సులు కూడా తిరుగుతుంటాయి. వాటి డ్రైవరు బస్సు యజమాని పెట్టుకున్న మనిషి. అలాంటివి కొన్ని కదలవచ్చు. అధికారులు తాత్కాలిక డ్రైవర్లనూ తీసుకుంటారు. కాని ఉన్న కాసిని బస్సులనూ జనం ఎక్కువగా ఉండే పెద్ద రోడ్లమీదే తిప్పుతారు. రోజుకు రెండు ట్రిప్పులు వచ్చే పల్లెవెలుగు, రాత్రి ఊళ్ళోనే ఉండి తెల్లవారి బయలుదేరే నైట్ హాల్టు బస్సు ముందు ఆగిపోతాయి, అన్నిటికంటే ఆఖర్న తిరిగివస్తాయి. కాబట్టి "బస్సులు తిరుగుతున్నాయి" అన్న వార్త విని మూట సర్దుకోకండి. మన ఊరి బస్సు సంగతి విడిగా కనుక్కోండి.

ఇవి ఎన్నాళ్ళుంటాయో కూడా చెప్పలేం. 2015 మే 6న జీతాల సవరణ కోసం మొదలైన సమ్మె, 43 శాతం ఫిట్‌మెంటుకు ప్రభుత్వం ఒప్పుకున్నాక ఎనిమిది రోజులకు ముగిసింది. ఆ మధ్యలోనే, మే 8న, పిల్లలు ఎంసెట్ రాయాల్సి వచ్చింది. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. అక్కడ బడులకు దసరా సెలవులే పొడిగించారు. సమైక్యాంధ్ర ఉద్యమంలో 2013 ఆగస్టులో ఆగిన మన బస్సులు మళ్ళీ రోడ్డెక్కేసరికి అక్టోబరు వచ్చింది.

ఆ 2013లో నాకు తెలిసిన ఒకరింట్లో అన్నా చెల్లెలూ ఇద్దరూ కాలేజీలో ఉన్నారు. అన్నను మోటారు సైకిలు మీద పంపారు. చెల్లెల్ని "బస్సులొచ్చాక పోదువులేమ్మా" అని ఆపారు. బస్సులొచ్చాయి. ఆ పిల్ల మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. అప్పటికి సంబంధం కుదిరిపోయింది.

ఇప్పుడు ఆ భయం ఇంకొంచెం ఎక్కువే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మనకు సున్నా టిక్కెట్టు ఇస్తున్నారు. ఆ టిక్కెట్టు ఆటోలో చెల్లదు కదా! బస్సు ఆగిననాడు ఛార్జీ అంతా చేతి నుంచి పెట్టుకోవాలి. డబ్బు దగ్గర పీకులాట వస్తే ఇంట్లో ముందు ఆగేది ఆడపిల్ల ప్రయాణమే.

అలాగని డ్రైవర్లను ఆడిపోసుకోవద్దు. వాళ్ళింట్లోనూ మనలాంటి ఇల్లాలు ఉంటుంది. సమ్మెనాటి జీతం వస్తుందో రాదోనన్న బెంగ ఆమెకూ ఉంటుంది. పైగా నిద్ర చాలని డ్రైవరు నల్లమల మలుపుల్లో బండి నడిపితే ముప్పు మనకే సుమా!

ఇహ జాగ్రత్తలు. సాధారణంగా సమ్మెకు ముందే నోటీసు ఇస్తారు, చర్చలు నడుస్తాయి. ఆ రోజులే మనకు గడువు. బి.పి., షుగరు బిళ్ళలు నెలకు సరిపడా తెచ్చుకోండి. ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవాళ్ళుంటే బండి ముందే మాట్లాడి పెట్టుకోండి. నెలలు నిండిన పిల్లను ఆసుపత్రికి దగ్గరలో ఉన్న చుట్టాలింట్లో ఉంచడం మేలు. 108 బండి ఆర్టీసీది కాదు, సమ్మెలోనూ పిలవచ్చు. పరీక్ష ఉంటే ముందు రోజే చేరుకోవాలి. చదువుకునే పిల్లల తల్లులు నలుగురు కలిసి ఒక ఆటో కుదుర్చుకుని, రేటు ముందే తేల్చుకోండి. కిక్కిరిసిన బండి మాత్రం ఎక్కించవద్దు.

సమ్మె అయిపోయాక కూడా మీ ఊరి బస్సు రాకపోతే ఊరుకోకండి. పదిమంది సంతకాలు పెట్టి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి. బస్సు వచ్చిన మొదటి రోజున మీ అమ్మాయిని కాలేజీకి పంపించారా లేదా, అది కూడా చూసుకోండి.