కొడుకు కథ, తండ్రి సినిమా

చిత్తూరువాళ్లకు తమిళ సినిమా పరాయి సరుకు కాదు. డబ్బింగ్ వచ్చేదాకా ఆగే ఓపిక లేకపోతే బస్సెక్కి వేలూరు చేరి, ఆట చూసి, రాత్రి అన్నం వేళకు ఇంటికి వచ్చేస్తాం. 2019 దసరా సెలవుల్లో నేనూ అలాగే పోయి 'అసురన్' చూశాను. కొడుకును విడిపించుకోవడం కోసం ధనుష్ ఊళ్లో ఇంటింటికీ తిరిగి కనబడినవాళ్లందరి కాళ్లమీదా పడతాడు. హాలు హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది. నా పక్క సీట్లో ఉన్న పెద్దాయన తెలుగులోనే, తనలో తను అనుకున్నట్టుగా, 'ఇదేముంది, దీనికంటే ఎక్కువే చూసినాం' అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. 2021 జులైలో అదే కథ 'నారప్ప'గా మన భాషలో, మన సీమ నేలమీద, అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. చూస్తున్నంతసేపూ ఆ పెద్దాయన దీన్ని చూసి ఏమంటాడా అనుకున్నాను. అప్పటికే ఈ రెండు సినిమాలకూ మూలమైన నవల చదివి ఉన్నాను. చదివాక అర్థమైంది: మనం రెండుసార్లు చూసింది తండ్రి సినిమా. పుస్తకంలో ఉన్నది కొడుకు కథ.

ఆ నవల పేరు 'వెక్కై'. అంటే వేడి, ఉక్క. రాసింది పూమణి, కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెల మనిషి. అచ్చయింది 1982లో. ఎన్.కల్యాణ్‌రామన్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన పుస్తకం 'అసురన్' వచ్చిన ఏడాదే వెలువడింది. పూమణికి 2014లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, అయితే అది 'అజ్ఞాడి' అనే మరో నవలకు.

'వెక్కై' మొదలవడమే హత్యతో మొదలవుతుంది. పదిహేనేళ్ల చిదంబరం తన అన్నను చంపించిన భూస్వామి చెయ్యి నరకాలనుకుంటాడు. దెబ్బ తప్పి ప్రాణమే పోతుంది. అక్కణ్నుంచి తండ్రీ కొడుకులు పరుగు. పొలాలు, చెరువుగట్లు, గుట్టలు, తుప్పలు. నవలంతా ఈ కొద్దిరోజుల దాగుడే. ఏం తిన్నారు, నీళ్లెక్కడ దొరికాయి, ఏ చెట్టుకింద పడుకున్నారు, రాత్రి ఏ శబ్దానికి ఉలిక్కిపడ్డారు అన్నదే కథ. చివరికి కోర్టులో లొంగిపోదామని నడుస్తారు. ఇంకో విశేషం: పూమణి ఎక్కడా కులం పేరు ఎత్తడు. ఎవరు ఎవరో చదివేవాడికి తెలిసిపోతూనే ఉంటుంది. పల్లెల్లో మాత్రం అంతే కదా, కులం పేరు పైకి అనాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది?

దర్శకుడు వెట్రిమారన్ ఈ సన్నటి కథకు పెద్ద గతాన్ని కలిపాడు. తండ్రి శివసామి యవ్వనం, అతను ఇష్టపడిన పిల్ల, భూమి కోసం పోరాటం, గుడిసెలకు నిప్పు, అతని ప్రతీకారం. గుడిసెల మంటలు చూస్తే 1968 డిసెంబరు 25న తంజావూరు ప్రాంతంలోని కీళ్‌వెన్మణిలో 44 మంది దళితులను సజీవదహనం చేసిన ఘటన తమిళ ప్రేక్షకుడికి గుర్తురాక మానదు. ఇలా కలపడం తప్పని నేననను. నవలలో పైకి అనని కులాన్ని సినిమా నోరు తెరిచి అంది, అదొక ధైర్యం. కానీ దానితోపాటు కథకు కేంద్రం కూడా జరిగింది. హత్య చేసిన పిల్లవాడు పక్కకు జరిగాడు, తాగి తూలుతూ తిరిగే తండ్రి విశ్రాంతికి ముందు కత్తి పట్టుకొని లేచాడు. హాల్లో ఈలలు. చివర నేరాన్ని తన నెత్తిన వేసుకొని, భూమి లాక్కోవచ్చుగానీ చదువును ఎవరూ లాక్కోలేరన్న అర్థం వచ్చే నాలుగు మాటలు కొడుక్కి చెప్పి వెళ్తాడు. ధనుష్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. రావలసిందే. పూమణి పిల్లవాడు మాత్రం నాకు తెరమీద సగమే దొరికాడు.

ఇది అరవజనం గొడవ అనుకోకండి. సరిగ్గా ఇదే పని అమెరికాలో అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందే జరిగింది. హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' 1960లో రాసింది. మరుసటేడు దానికి పులిట్జర్ బహుమతి. చెయ్యని నేరానికి టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషిని బోను ఎక్కిస్తారు, అటికస్ ఫించ్ అనే తెల్ల లాయరు అతని తరఫున వాదిస్తాడు. ఈ కథనంతా చెప్పేది ఆ లాయరు కూతురు, స్కౌట్ అనే చిన్నపిల్ల. పుస్తకం ప్రాణమంతా ఆ పిల్ల చూపులోనే ఉంది. పెద్దవాళ్ల పాపం దానికి సగం అర్థమవుతుంది, సగం కాదు. 1962లో రాబర్ట్ మల్లిగన్ దీన్ని సినిమాగా తీశాడు. అటికస్ వేషం గ్రెగరీ పెక్‌ది. సినిమాలో కోర్టు పెరిగింది, పిల్లల ఆటలు తరిగాయి, తండ్రి ఎత్తు పెరిగింది. పెక్‌కు ఆస్కార్ వచ్చింది. స్కౌట్ వేసిన మేరీ బాడమ్‌కు నామినేషన్‌తో సరి.

అక్కడ పోయిందేమిటో ఒకటి దగ్గరగా చూద్దాం. నవలలో ఒక ఆదివారం వంటమనిషి కల్పర్నియా ఈ తెల్ల పిల్లలను తన నల్లజాతివాళ్ల చర్చికి తీసుకెళ్తుంది. పాటల పుస్తకాలు అందరికీ లేవు. ఉన్నా చదవగలిగినవాళ్లు తక్కువ. ఒకడు ఒక్కో చరణం చదువుతాడు, మిగతావాళ్లు అందుకొని పాడతారు. ఇంట్లో ఒక భాష, ఇక్కడ మరో భాష మాట్లాడుతున్న కల్పర్నియాను చూసి స్కౌట్ తెల్లబోతుంది. నల్లవాళ్లకు తమదైన లోకం ఒకటుందని ఆ పిల్లకూ మనకూ తెలిసేది ఆ అధ్యాయంలోనే. సినిమాలో అది లేదు. కాబట్టి తెరమీద నల్లజాతి మనుషులు కోర్టు బాల్కనీలో కూర్చునేవాళ్లుగా, అటికస్ బయటికి పోతుంటే లేచి నిలబడేవాళ్లుగానే ఎక్కువగా గుర్తుండిపోతారు. మరొకటి. నవలలో పారిపోబోయిన టామ్‌ను పదిహేడు గుళ్లు కాలుస్తారు. సినిమాలో గాయపరచబోతే గురి తప్పిందన్నట్టు చెప్పి దాటేస్తారు. పదిహేడు అన్న అంకె చదివేవాడి కడుపులో దిగుతుంది. సినిమాలో అది దిగకుండానే బయటపడతాం.

ఎందుకిలా జరుగుతుందంటే ఒక్కటే కారణం చెప్పడం తేలిక: స్టారు. డబ్బు పెట్టేవాడు పిల్లవాడి ముఖం చూసి పెట్టడు. నిజమే, కానీ అంతటితో తీరదు. అన్యాయం చూసి బయటికి వచ్చే ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. పిల్లవాడి చెయ్యి పట్టుకుంటే వాడి భయం మనకు అంటుకుంటుంది. తండ్రి చెయ్యి పట్టుకుంటే ధైర్యంగా ఇల్లు చేరతాం. సినిమా మనల్ని ధైర్యంగా ఇంటికి పంపాలనుకుంటుంది. నవలకు ఆ పట్టింపు లేదు.

ఇక 'నారప్ప' సంగతి. దర్శకుడు శ్రీకాంత్ అడ్డాల, సంగీతం మణిశర్మ. అప్పటికి అరవై ఏళ్ల వెంకటేష్ తండ్రిగానూ, గతంలోని కుర్రవాడిగానూ కనిపిస్తాడు. ప్రియమణి భార్య సుందరమ్మ, కార్తీక్ రత్నం పెద్ద కొడుకు మునికన్న. తమిళంలో భూస్వామి వేషం వేసిన ఆడుకలం నరేన్ ఇక్కడా భూస్వామే. అమ్ము అభిరామి రెండింటిలోనూ తండ్రి యవ్వనంలో ఇష్టపడిన ఆ పిల్లే. వెంకటేష్ నిజాయితీగా చేశాడు, అందులో సందేహం లేదు. సినిమా కూడా 'అసురన్'ను దాదాపు షాటుకు షాటుగా అనుసరించింది. చిక్కంతా అక్కడే వచ్చింది. షాటును ఎత్తుకురావచ్చు, షాటు వెనక ఉన్న ఊరిని ఎలా ఎత్తుకొస్తారు?

'పంచమి భూమి' అన్న మాటనే తీసుకోండి. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అంటరానివాళ్ల దుస్థితిమీద నివేదిక ఇచ్చాడు. మరుసటేడు వాళ్లకు భూములివ్వమని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ భూములు ఇతర కులాల చేతికి పోకూడదని షరతు. పోయాయి. అందుకే 'అసురన్'లో ఆ మాట వినబడగానే తమిళనాడులో రాజకీయ నాయకులు కూడా ఉలిక్కిపడ్డారు. డీఎంకే పత్రిక 'మురసొలి' కార్యాలయం స్థలం పంచమిదా కాదా అని పార్టీల మధ్య వాగ్వాదమే నడిచింది. ఒక్క మాటకు అంత బలం.

మనకు అలాంటి మాట లేదా? ఉంది. డీకేటీ. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా పది నిమిషాల్లో ఈ మాట దొర్లుతుంది. దరఖాస్తు కింద ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి కాబట్టి డీకేటీ పట్టా. పట్టా ఒకరి పేరు, దున్నేది మరొకరు. అప్పుకింద పోయింది, పెళ్లికింద పోయింది, భయంతో పోయింది. ఇలా పోకూడదనే 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. ఆ మాటకొస్తే ట్రెమెన్‌హీర్ నివేదిక రాసేనాటికి మనమూ అదే మద్రాసు రాజధానిలో ఉన్నాం. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, విడి జిల్లా అయింది 1911లోనే. 'అసురన్' భూమి కథ మనకు అరువు కథ కాదు. మన పల్లెలోనే ఇంకో పేరుతో ఉంది. ఆ పేరుతో చెప్పి ఉంటే వేలూరు హాల్లోని పెద్దాయన ఇంకో మాట అనేవాడు.

రెండో చిక్కు కొడవలి. తమిళ తెరమీద దళిత కుర్రాడి చేతిలోని కొడవలికి ఒక అర్థం ఉంది. తెలుగు తెరమీద సీమ కొడవలి అంటే 'సమరసింహారెడ్డి', 'ఇంద్ర'. అంటే ఫ్యాక్షను, సుమోలు, తొడగొట్టడాలు. ఇరవై ఏళ్లుగా ఆ కొడవలి భూమి ఉన్నవాడి చేతిలోనే మెరిసింది. (మా చిత్తూరువాళ్లం ఫ్యాక్షను ఎట్లుంటుందో సినిమాలు చూసే తెలుసుకున్నాం, అది వేరే సంగతి.) దాన్ని ఉన్నట్టుండి భూమి లేనివాడి చేతిలో పెడితే, పాత అలవాటుకొద్దీ మన కన్ను దాన్ని ఫ్యాక్షను కత్తిగానే చదువుకుంటుంది. అనంతపురం యాస పెట్టినంత మాత్రాన ఈ అలవాటు పోదు. చెప్పుల దృశ్యం మాత్రం ఏ భాషలోనైనా నిలబడుతుంది. కొత్త చెప్పులు తొడుక్కున్న నేరానికి, తండ్రి ఇష్టపడిన ఆ పిల్లను కొట్టి, అవే చెప్పులు నెత్తిన పెట్టి ఊరి వీధిలో నడిపిస్తారు. ఊళ్లోకి అడుగుపెట్టేముందు చెప్పులు చేతబట్టుకున్న తరం మన హరిజనవాడల్లో ఇంకా బతికే ఉంది. వాళ్లకు ఈ దృశ్యానికి ఏ భాషలోనూ సబ్‌టైటిల్ అక్కర్లేదు.

తెలుగు సినిమాకు ఈ దారి కొత్తదేమీ కాదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. పేరు చూసి చాలామంది అది ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' అనుకుంటారు. కాదు, కథ చలానిది. 'మాలపల్లి' నవలను ఉన్నవ రాసింది మాత్రం మన పక్కనే, వేలూరు జైల్లో. 1922లో అచ్చయిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1980లో వచ్చిన 'మాభూమి'కి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం, తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. అయినా ఆ సినిమాలో తెలంగాణ పల్లె తెలంగాణ పల్లెలాగే ఉంది. నవల పరభాషదే అయినా, ఊరు మనదైతే సినిమా మనదవుతుంది. 'నారప్ప'కు ఆ మెట్టే తగ్గింది.

ఇంత మాట్లాడి మన జిల్లా మనిషిని తలచుకోకపోతే తప్పు. డాక్టర్ కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టాడు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ, ఎక్కువగా ఈ పక్క పల్లెలనే రాశాడు. 2015లో పోయాడు. ఆయన 'అతడు అడవిని జయించాడు' వందల పేజీల మహాగ్రంథం కాదు, చిన్న నవల. పందులు మేపుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన అతని చూడి పంది, ఒక రాత్రి, అడవి, నక్కలు. అంతే. ముసలివాడికి పేరు లేదు. తనతో తనే మాట్లాడుకుంటాడు. హెమింగ్వే ముసలి జాలరితో పోల్చినవాళ్లున్నారు, పోల్చుకోనివ్వండి. నాకు మాత్రం కులాన్ని ఒక్కసారీ వాదనకు పెట్టకుండా, ఆ మనిషి పనిలోనే దాన్ని చూపించిన పుస్తకంగా ఇది 'వెక్కై' సరసన నిలుస్తుంది. పందిని తెరమీద చూపిస్తే జనం రారంటారా? 2013లో నాగరాజ్ మంజుళే మరాఠీలో 'ఫండ్రీ' తీశాడు. ఫండ్రీ అంటే పందే. అందులో పందుల వెంట పరిగెత్తేవాడు బడికి పోయే పిల్లవాడు, చివరిదాకా కథ ఆ పిల్లవాడిదే.

'అతడు అడవిని జయించాడు' జోలికి ఎవరు వెళ్లినా వాళ్లకొక మనవి. ముసలివాడికి పేరు పెట్టకండి. ఫ్లాష్‌బ్యాక్ అసలే వద్దు. మాట చిత్తూరు మాటే ఉండనివ్వండి. పంది మాత్రం నిజం పందే ఉండాలి.